తీగ ఎటు తిరుగుతుంది

పోయినవారం కథ గ్యాలరీ గుమ్మం దగ్గర ఆగింది. నా చంకలో చిక్కుడు మొక్క ఉన్న కుండీ. ఎదుటి గోడ మీద, లోపలికి అడుగుపెట్టినవారికి అన్నిటికన్నా ముందు కనబడేచోట, నేను తీసిన ఫోటో. దాని కింద పెదనాన్న పేరు.

పూల ఫోటోలు తీయడంలో ఆయనంతటివారు లేరని పేరు. నాన్న పోయాక నన్ను పెంచిందీ, నా చేతికి కెమెరా ఇచ్చిందీ ఆయనే. ఆయన జీవితకాలపు పనినంతా ఒకచోట చూపే ప్రదర్శన ఆ సాయంత్రమే మొదలు కాబోతోంది. ఆహ్వానపత్రం మీదా, కేటలాగు అట్ట మీదా ఒకటే బొమ్మ: సన్నని కర్రను చుట్టుకుంటూ పైకి పోతున్న చిక్కుడు తీగ, దాని కొసన విచ్చుకున్న ఒకే ఒక్క పువ్వు. బొమ్మ పేరు 'ఆసరా'. ఆ పేరు కూడా నేను పెట్టిందే.

ఒక్క బొమ్మ కోసం ఇంత రభస అవసరమా అని దారి పొడవునా నన్ను నేను అడుగుతూనే వచ్చాను. ఆ తీగకు నా పేరు తెలియదు, పెదనాన్న పేరూ తెలియదు. దాని మీద పడిన వెలుతురు ఎవరి సొత్తూ కాదు. మరి నాది అనడానికి అందులో మిగిలేదేమిటి? దాని ముందు కూర్చున్న ఒక ఉదయం మాత్రమే. ఆ ఉదయం నాది కాదని నేను ఒప్పుకుంటే, ఆ తర్వాత తీసిన తీగలూ, కాయలూ, ఎండిన గింజల తొడుగులూ ఏవీ నావి కాకుండా పోతాయి. నా ఫోటోలు తీసుకొచ్చి చూపించినప్పుడు గ్యాలరీ మేనేజరమ్మ ఒక్కొక్కటీ తిరగేసి, "బాగున్నాయి మేడమ్, కానీ మీ పెదనాన్నగారి తీగ నీడ వీటి మీద బాగా పడింది" అని తిరిగి ఇచ్చేసింది. నా నీడ నా మీదే పడిందని ఆమెకు ఎలా చెప్పను? ఈ సాయంత్రం దాటితే ఆ మాటే స్థిరపడుతుంది. నేను జీవితాంతం నాకే నకలునై మిగులుతాను.

లోపలికి నడిచాను.

హాలు మధ్యలో కుర్చీ వేయించుకుని పెదనాన్న కూర్చున్నారు. నిచ్చెన మీద ఫ్రేములు కట్టే ఆయన చివరి బొమ్మను తగిలిస్తున్నాడు. పెదనాన్న చేతికర్రతో గాలిలో గీతలు గీస్తూ చెబుతున్నారు.

"ఎడమ మూల ఎత్తవయ్యా. ఇంకొంచెం. అబ్బా, అంత కాదు. ఎంత ఎత్తావో అందులో సగం దించు."

"దించానండీ. ఇంకా దించితే నేల మీద కూర్చుని చూడాలి జనం," అన్నాడు ఫ్రేములాయన. అంతలో నన్ను చూసి, "ఏమ్మా, కూరగాయల బజారు పక్క వీధిలో కదా!" అన్నాడు.

పెదనాన్న తల తిప్పారు. ముఖం వెలిగింది. అదే నన్ను బలహీనపరిచింది; ఆ ముఖం నన్ను చూసినప్పుడు వెలగకుండా ఉన్న రోజు నాకు గుర్తులేదు.

"వచ్చావటే పిచ్చుకా! సాయంత్రం రమ్మంటే ఇప్పుడే ఎగురుకుంటూ వచ్చేశావా? ఆ కుండీ ఏంటి? పూలగుచ్ఛం కట్టించడానికి బద్ధకమేసి మొక్కనే పట్టుకొచ్చావా?"

చిన్నప్పుడు ఫోటోలు కడిగే చీకటిగదిలో ఎత్తు స్టూలు మీద ముడుచుకుని కూర్చునేదాన్నని ఆయన పెట్టిన పేరు అది. ఆయన పక్కన బెంచీ మీద పెద్దమ్మ ఉంది. ఒడిలో మందుల సంచీ, పక్కన ప్లాస్కు. ఆమె వెనకగోడ మీద తెల్ల లిల్లీ బొమ్మ. పెదనాన్నకు పేరు తెచ్చిన మొదటి బొమ్మ అది. పెద్దమ్మ దానికి వీపు పెట్టి కూర్చుంది. ఇంట్లోనూ అంతే, లిల్లీ ఉన్న గోడవైపు ఆమె కుర్చీ తిరిగి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

వణకకుండా చెప్పాలని దారిలో కూడగట్టుకున్న మాటలన్నీ పోయి, ఒక్క మాటే మిగిలింది.

"పెదనాన్నా, ఈ ఫోటో కింద నా పేరు ఉండాలి."

నిచ్చెన మీద సుత్తి చప్పుడు ఆగిపోయింది. లోపలి గది నుంచి మేనేజరమ్మ ఫోను చెవికి ఆనించుకునే బయటికొచ్చింది. వినబడనే వినబడిందని ఆమె నడకే చెప్పింది.

"మేడమ్, ఇంటి విషయాలు తర్వాత తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోండి. సాయంత్రం ఓపెనింగ్. ప్రెస్‌వాళ్లు కూడా వస్తున్నారు."

"సాయంత్రం దాటాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదండీ."

పెదనాన్న కోప్పడలేదు. గోడవైపు చూసి, నావైపు చూసి, చిన్నపిల్ల తప్పు లెక్క చెప్పినప్పుడు నవ్వినట్టు నవ్వారు.

"ఏది, ఇదా? ఇది నువ్వు తీశావా?"

"నేనే తీశాను. ఆ పొద్దున్న మీరు ఆస్పత్రిలో ఉన్నారు."

"ఆస్పత్రి ఆ ముందేడాది కదే. ఏమోయ్," అని పెద్దమ్మవైపు తిరిగారు, "నా కాలు విరిగింది ఎప్పుడు?"

పెద్దమ్మ ప్లాస్కు మూత బిగించింది. బిగిసిన మూతనే మళ్లీ బిగించింది.

"నాకు గుర్తులేదండీ."

ఆమె నా కళ్లలోకి చూడలేదు. పెదనాన్న మాత్రం సూటిగానే చూశారు.

"నీకు నమ్మకం కుదరకపోతే చెప్తా విను. ఆ పొద్దున్న ఇప్పటికీ నా కళ్లముందుంది. వాన అప్పుడే వెలిసింది. ఉత్తరం కిటికీకి తెల్ల దుప్పటి అడ్డం కట్టాను, వెలుతురు పల్చబడాలని. తీగ ఊగుతోందని తలుపులు మూశాను, ఫ్యాను ఆపేశాను. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. అంతా సిద్ధమయ్యాక పువ్వు మీదికి చీమ ఎక్కింది. దాన్ని తోలితే పువ్వు కదుల్తుంది. అందుకని అది తనంతట తాను దిగేదాకా కూర్చున్నాను. దిగింది. ఊపిరి బిగబట్టి షట్టరు తెరిచాను. చాలా? ఇంకా చెప్పనా?"

వాన, దుప్పటి, చీమ. ప్రతి మాటా నిజమే. ఆయన అబద్ధం చెప్పడం లేదు. చెబుతున్నప్పుడు ఆ ముఖంలో ఉన్నది వెలుతురు కోసం కాచుకున్న మనిషి తృప్తి.

అప్పుడు నాకు ఆ మంచం గుర్తొచ్చింది. విరిగిన కాలు కట్టుతో పైకి వేలాడదీసి, పైకప్పు చూస్తూ పడుకున్న పెదనాన్న. ఫోటోలు తీయలేని రోజులు ఆయనకు మనిషిగా బతకని రోజులు. ఆ సాయంత్రం నేను మంచం పక్కన కూర్చుని ఆయనకు అంతా చెప్పాను. వాన చెప్పాను, దుప్పటి చెప్పాను, చీమను చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, "ఇంకా చెప్పు, ఇంకా చెప్పు" అంటూనే ఉన్నారు. నేను ఆయన చేతిలో పోసిన ఉదయాన్నే ఆయన ఇప్పుడు తనదిగా తాగుతున్నారు.

దొంగతో పోట్లాడవచ్చు, తాను దొంగిలించానని దొంగకు తెలుసు. నా ఉదయాన్ని నాకన్నా ప్రేమగా గుర్తుపెట్టుకున్న మనిషితో ఎలా పోట్లాడాలి? మనకు జరిగినదానికీ మనం విన్నదానికీ మధ్య గోడ ఇంత పల్చనైతే, నా జ్ఞాపకాల్లో మాత్రం ఎన్ని నావి? ఒక్క క్షణం నేనే నన్ను అనుమానించాను. ఆ అనుమానం నిజాయితీ గలదే కాబట్టి దాన్ని దాచను.

పెద్దమ్మ లేచొచ్చి నా మోచేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"అమ్మడూ, ఇవాళ్టికి ఊరుకో తల్లీ. ఆయన గుండె సంగతి నీకు తెలియందా?"

"మరి నా గుండె సంగతో పెద్దమ్మా?"

"మన గుండెలకేంలే. అవి గట్టివి. అలవాటు పడిపోతాయి."

ఆ మాట నన్ను బుజ్జగించడానికే అన్నదనుకున్నాను. అందులో 'మన' అన్న మాట అప్పుడు నా చెవికి తగల్లేదు.

నేను ఆయనకు ఏం చెప్పలేదు? అదొక్కటే ఆలోచించాల్సింది. ఆ సాయంత్రం మంచం పక్కన ఎంతో చెప్పాను; చెప్పకుండా వదిలేసింది ఏమిటి? ఎవరూ ఎవరికీ చెప్పనిది, చెప్పాలని తోచనిది, చూసినవారి కంటికి మాత్రమే తెలిసినది. నిన్న ఆహ్వానపత్రం చేతికి అందినప్పుడు బొమ్మలో ఏదో తేడా ఉందని నా మనసు పీకుతూనే ఉంది. అరగంట దాన్ని చూశాను. తర్వాత పెరట్లోకి వెళ్లి తీగను చూశాను. అందుకే కుండీ నా చంకలో ఉంది.

పెద్దమ్మ చేయి మెల్లగా విడిపించుకుని, ఒక స్టూలు లాగి ఆ ఫోటో ముందు వేసి, కుండీని దాని మీద పెట్టాను.

"పెదనాన్నా, ఒక్క మాట అడుగుతాను. ఆ తర్వాత మీరు ఏమన్నా వింటాను. తీగ ఎటు తిరుగుతుంది?"

"ఎటు తిరగడమేంటే?"

"కర్రని చుట్టుకుంటూ పోతుంది కదా. మనకి ఎదురుగా కనబడే చుట్టు ఎటునుంచి ఎటు పోతుంది?"

"గోడ మీద కనబడుతూనే ఉందిగా." చూపుడువేలు లేపి గాలిలో గీశారు, కుడివైపు కింద మొదలుపెట్టి ఎడమవైపు పైకి. "ఇదిగో, ఇలా."

"గోడవైపు చూడకుండా చెప్పండి. ఆ పొద్దున్న ఎలా ఉంది?"

ఆయన కళ్లు మూసుకున్నారు. వేలు మళ్లీ అదే గీత గీసింది. "ఇలాగే."

"ఇప్పుడు కుండీలోది చూడండి."

ముందు చూసింది ఫ్రేములాయన. నిచ్చెన దిగి వచ్చి, మొక్కనీ బొమ్మనీ మార్చి మార్చి చూశాడు.

"అరె, ఇది ఇటు పోతోంది, అది అటు పోతోంది! రెండూ అలిగినట్టున్నాయే!"

"నువ్వు నీ నిచ్చెన ఎక్కు," అన్నారు పెదనాన్న. కాని ఆయనా లేచారు. కర్ర పొడుచుకుంటూ స్టూలు దగ్గరికి వచ్చారు. కుండీలో తీగ ఎడమవైపు కింద నుంచి కుడివైపు పైకి ఎగబాకుతోంది. గోడ మీది తీగ కుడివైపు నుంచి ఎడమవైపుకు.

"అయితే ఏంటంట?" గొంతులో మొదటిసారి గరుకు వినబడింది. "ఒక్కో తీగది ఒక్కో దారి. మనుషుల్లో ఎడమచేతివాటం వాళ్లు లేరూ?"

"మనుషుల్లో ఉంటారు పెదనాన్నా. చిక్కుళ్లలో ఉండరు. ఏ గింజ తెచ్చి నాటినా, ఏ పెరట్లో నాటినా ఒకటే దారి. వెలుతురు ఎటున్నా సరే."

"నీకెవరు చెప్పారు?"

"అదే చెప్పింది. ఒక తీగ ముందు పొద్దంతా కూర్చుంటే ఇంకేం చెబుతుంది?"

ఆయన చేతికర్ర పెద్దమ్మకు ఇచ్చి, వంగి, తీగ కొసను కుండీలోని కర్రనుంచి జాగ్రత్తగా విప్పారు. ఆ వేళ్లు ఎంత నెమ్మదిగా కదిలాయో చెప్పలేను. రేకు నలగకుండా పువ్వును తిప్పడం నాకు నేర్పిన వేళ్లు అవి. విప్పిన కొసను ఎదురుదిక్కుకు, గోడ మీది బొమ్మలో ఉన్నట్టే, కర్రచుట్టూ మళ్లీ చుట్టారు. చుట్టి, వేలు తీశారు. కొస ఒక్క క్షణం నిలిచింది. తర్వాత చుట్టు వదులై, జారి, గాలిలో వేలాడింది. మళ్లీ చుట్టారు. మళ్లీ జారింది.

"నా మాట వినడం లేదు," అన్నారు తనలో తాను.

మేనేజరమ్మ ఫోనులో ఎవరో "హలో, హలో" అంటున్నారు; ఆమె చూసుకోలేదు.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక చిన్న సంగతి చెప్పాలి. ఫిలిం రేకుకు ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక. మసకవైపు కిందికి ఉండేలా, బొమ్మను కాగితం మీద పెద్దదిగా వేసే యంత్రంలో పెడితేనే బొమ్మ సరిగ్గా పడుతుంది. తిరగేసి పెడితే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి. మనిషి ఫోటో అలా తిరగబడితే చొక్కా గుండీలు పట్టిచ్చేస్తాయి, పాపిడి పట్టిచ్చేస్తుంది. పువ్వుకు గుండీలు లేవు. తిరగబడిన పువ్వూ పువ్వులాగే ఉంటుంది. అందుకే మసకవైపు చూసుకోమని పెదనాన్న తన దగ్గర పని నేర్చుకున్న మా అందరికీ తలకెక్కేలా చెప్పేవారు. తాను మాత్రం ఏనాడూ చూసుకునేవారు కాదు. రేకును దీపానికి ఎదురుగా పట్టుకుని, ఒక్క చూపు చూసి, అలాగే పెట్టేసేవారు. "నేను తీసిన పువ్వు ఎటు చూస్తోందో నాకు తెలియదటే?" అనేవారు. అది గర్వం కాదు. నిజంగానే తెలుసు. తాను తీసిన బొమ్మను ఆయన ఒక్కసారి కూడా తిరగేసి అచ్చువేయలేదు. గోడ మీది 'ఆసరా'ను అచ్చువేసిందీ ఆయనే.

ఇదంతా నేను పైకి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఆ హాల్లో ఆ సంగతి నాకన్నా బాగా తెలిసిన మనిషి ఒకరు ఉన్నారు, ఆయన వేలాడుతున్న తీగ కొసను చూస్తూ నిలబడి ఉన్నారు.

తల ఎత్తారు. నన్ను కాదు, పెద్దమ్మను అడిగారు.

"నేను ఆస్పత్రిలో ఉన్నానా?"

పెద్దమ్మ చేతిలో ఆయన కర్ర ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఉన్నారండీ. ఆ పొద్దున్నే నేను మీకు పాలు పట్టుకొచ్చాను. సాయంత్రం ఇది వచ్చి మీకు అంతా చెప్పింది. మీరు విన్నారు."

"మరి చీమ?"

"చీమ సంగతి కూడా నేనే చెప్పాను పెదనాన్నా," అన్నాను. "మీరు బాగా విన్నారు. నేను చూసినదానికన్నా మీరు విన్నదే బాగుంది."

ఇది ఓదార్పు కోసం అన్న మాట కాదు, ఆయనకు అది తెలిసింది. ముఖం ఒక్కసారి ముడుచుకుపోయి, తర్వాత నెమ్మదిగా విచ్చుకుంది. అక్కడ నేను ఏం చూస్తానని భయపడుతూ వచ్చానో అది లేదు. ఓడిపోయిన మనిషి లేడు. తప్పు ఎక్కడ జరిగిందో దొరికిన పనివాడు ఉన్నాడు.

"దించవయ్యా దాన్ని," అన్నారు గట్టిగా.

"ఏదండీ?" అన్నాడు ఫ్రేములాయన.

"తిరగబడ్డదాన్ని. నన్ను కాదు, గోడ మీదున్నదాన్ని."

మేనేజరమ్మకు అప్పుడు ఊపిరి వచ్చింది. "సార్! సాయంత్రం ఓపెనింగ్ సార్! కేటలాగులు వచ్చేశాయి. అట్ట మీద ఈ బొమ్మే ఉంది!"

"తప్పొప్పుల చీటీ ఒకటి పెట్టించమ్మా."

"అట్ట మీద బొమ్మే తిరగబడితే చీటీ ఏం సరిపోతుంది సార్?"

"అద్దంలో చూసుకోమను."

ఫ్రేములాయన నవ్వు ఆపుకోలేక నిచ్చెన పట్టుకున్నాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెదనాన్న ఎవరినీ పట్టించుకోకుండా గుమ్మంవైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అరిచారు.

"ఏం చూస్తున్నావే? రా! కడిగే మందు కలపాలి, కాగితం కోయాలి. అవతల పొద్దు పోతోంది."

స్టూడియో పక్క వీధిలోనే. చీకటిగదిలో ఎర్రదీపం కింద మళ్లీ మేమిద్దరం. ఎత్తు స్టూలు ఇంకా ఆ మూలే ఉంది, దాని మీద ఎవరో పాత పేపర్లు పెట్టారు. పెదనాన్న వాటిని తీసి కింద పెట్టి, స్టూలు లాక్కుని తాను కూర్చున్నారు. సొరుగులోంచి కవరు తీసి నాకు చాచారు.

"నువ్వే పెట్టు."

రేకును అంచులతో పట్టుకుని బయటికి తీశాను. దీపం ముందు ఒక్కసారి ఎత్తాను. చీకటి తెల్లగా, తెలుపు చీకటిగా మారిన ఆ తీగ అన్నాళ్ల తర్వాత నా ముందుకొచ్చింది. కుడివైపు పైకి పోతోంది. నా వేళ్లకు మసక ఎటుందో తడుముకోవాలని కూడా అనిపించలేదు. అలాగే పెట్టేశాను.

"మసకవైపు చూసుకున్నావా?" అన్నారు వెనకనుంచి.

"నేను తీసిన తీగ ఎటు తిరుగుతుందో నాకు తెలియదా పెదనాన్నా?"

ఆయన నవ్వారు. ఆ చిన్న గది గోడలకు తగిలి తిరిగివచ్చేంత పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "నా మాట నాకే తగిలించావు కదే!" అన్నారు. ఆ గొంతులో ఉన్నది పూర్తిగా సంతోషం.

మందు పళ్లెంలో కాగితం వేశాను. పళ్లేన్ని అలలా ఊపే పని ఆయన తీసుకున్నారు. చిన్నప్పుడు ఆ పని నాది. ముందు కర్ర నీడ తేలింది, తర్వాత చుట్లు ఒకదాని వెంట ఒకటి, ఎడమనుంచి కుడికి, కింద నుంచి పైకి; చివరికి పువ్వు. పువ్వు కనబడగానే ఆయన చెయ్యి ఊపడం ఆగింది.

"ఇది వేరే బొమ్మ," అన్నారు. "అది దిగుతున్నట్టుండేది. నేను గమనించనేలేదు. ఇది ఎక్కుతోంది."

నాకు గెలిచానని తెలిసింది అప్పుడే, హాల్లో కాదు. హాల్లో రుజువు మాత్రమే దొరికింది. రుజువు ఎదుటివారి నోరు మూయిస్తుంది. వారికి కళ్లు ఇవ్వదు. ఇక్కడ నా బొమ్మను మొదటిసారి ఎవరో చూశారు. ఆ చూసినవారు, చూడడం నాకు నేర్పినవారే కావడం కన్నా ఎక్కువ నేను ఏం కోరగలను?

హెయిర్ డ్రయర్ వేడికి కాగితం ఆరీ ఆరకముందే పరుగెత్తుకొచ్చాం. ఫ్రేములాయన పాత అద్దం తుడిచి సిద్ధంగా ఉంచాడు. మేనేజరమ్మ కొత్త చీటీ కోసం కంప్యూటరు ముందు కూర్చోబోతుంటే పెదనాన్న ఆపారు. జేబులోంచి తన పెన్ను తీసి, తెల్ల అట్ట ముక్క మీద ఒక్కో అక్షరం నిదానంగా రాశారు. పిచ్చుక అని కాదు. బడిలో వేసిన నా పేరు, ఇంటిపేరుతో సహా. ఆయన చేతిరాతలో నా పూర్తి పేరు నేను చూడడం అదే మొదలు. దాని కింద 'ఆసరా' అని రాసి, పెన్ను మూత పెట్టబోయి ఆగి, "ఈ పేరు కూడా నీదేనా?" అన్నారు.

"నాదే."

"మంచి పేరు. నేనే పెట్టాననుకున్నాను."

సాయంత్రానికి హాలు నిండిపోయింది. అట్ట మీది బొమ్మకూ గోడ మీది బొమ్మకూ తేడా చూసి జనం గుసగుసలాడుకుంటుంటే, పెదనాన్న మైకు పట్టుకున్నారు. నేను దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాను.

"అందరికీ ఒక మాట. కేటలాగు అట్ట మీద ఉన్నది తప్పు. అచ్చు తప్పు కాదు, నా తప్పు. గుమ్మానికి ఎదురుగా ఉన్న బొమ్మ నేను తీయలేదు. తీసింది మా అమ్మాయి. ఆ తీగ ముందు నేను ఉన్నాననుకున్నాను, లేను. అది ఒక్కతే కూర్చుని తీసింది. ఈ హాల్లో అన్నిటికన్నా మంచి బొమ్మ నాది కాకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. కానీ దాన్ని తీసినవాళ్లని పెంచింది నేను. ఆ మాత్రం పేరు నాకు వదిలేయండి."

నవ్వులు, ఆ వెంటనే చప్పట్లు. అందరి ముఖాలూ ఆయన చూపు వెంట నావైపు తిరిగాయి. ఎవరో దారి ఇచ్చారు. ఎవరో నా చేతిని పట్టుకుని ఊపారు. మేనేజరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, "మేడమ్, మీ ఫోటోలు మళ్లీ ఒకసారి తెస్తారా? అప్పుడు నేను సరిగా చూసినట్టు లేను," అంది. "తెస్తానండీ. ఈసారి కాస్త వెలుతుర్లో చూడండి," అన్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఎన్నాళ్లుగానో నా భుజాల మీద ఉన్నదేదో దిగిపోయి, నేను కొంచెం పొడుగైనట్టు అనిపించింది.

అప్పుడే పెద్దమ్మ కనబడలేదని గుర్తొచ్చింది.

బెంచీ ఖాళీగా ఉంది. మందుల సంచీ, ప్లాస్కు మాత్రం ఉన్నాయి. ఆమె అటువైపు తిరిగి నిలబడి ఉంది. గోడకు ఎదురుగా. నా జీవితంలో మొదటిసారి ఆమె ఆ లిల్లీ బొమ్మను చూస్తుండగా నేను చూశాను.

పక్కన వెళ్లి నిలబడ్డాను. "పెద్దమ్మా, ఇక్కడేం చేస్తున్నావ్? అందరూ అక్కడుంటే."

ఆమె తల తిప్పలేదు. "అమ్మడూ, నా కళ్లజోడు సరిగా లేదు. పురుగు కొట్టిన రేకు ఎటుంది?"

తెల్ల లిల్లీ రేకుల్లో ఒకదాని అంచు పురుగు తిని చిరిగి ఉంటుంది. ఆ చిరుగే ఆ బొమ్మకు ప్రాణమని అందరూ రాశారు.

"కుడివైపు."

"అదే నాకూ కనబడుతోంది," అంది పెద్దమ్మ. ఆమె గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "ఎడమవైపు ఉండాలి."

చప్పట్లు ఇంకా అక్కడక్కడా మోగుతున్నాయి. నాకు వినబడడం మానేశాయి.

"నీకెలా తెలుసు పెద్దమ్మా?"

"కెమెరా నల్లబట్ట కింద తలదూర్చి, ఎండ కదిలేదాకా కూర్చున్నవాళ్లకి తెలియదటమ్మా?" కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "ఇందాక నువ్వు ఆ కుండీ పెట్టేదాకా, నేనే తప్పు గుర్తుపెట్టుకున్నానేమో అనుకుంటూ వచ్చాను. ఇన్నేళ్లూ."

నేను వెనక్కి తిరిగాను. జనం మధ్యనుంచి పెదనాన్న మావైపే చూస్తున్నారు. ఆయన చూపు ముందు పెద్దమ్మ మీద నిలిచింది, తర్వాత ఆమె భుజం మీదుగా లిల్లీ మీదికి వెళ్లింది. ఆయన ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. కుడిచేతి చూపుడువేలు మాత్రం నెమ్మదిగా గాలిలోకి లేచింది. చిరిగిన రేకు ఎటుందో గీయబోయి, మధ్యలో ఆగిపోయింది.